స్టార్టర్ ఎత్తిన ఆ ఒక్క సెకను ఇక మన బాక్సులో కనబడుతుంది

అనంతపురం చుట్టుపక్కల మన బోరు మోటారు మానిటర్ వాడుతున్న అందరికీ నమస్కారం.

చాలామంది ఫోన్ చేసి అడిగే మాట ఒకటుంది. "స్టార్టర్ ఎత్తగానే ట్రిప్ అవుతోంది. మీ యాప్‌లో చూస్తే ఆంపియర్లు, ఓల్టేజీ అన్నీ నార్మల్. మరి దేనికి ట్రిప్ అవుతున్నట్టు?" నార్పల, గార్లదిన్నె వైపు చీనీ తోటల నుంచి ఈ ఫోన్లు ఎక్కువ. రాబోయే అప్‌డేట్‌తో దీనికి జవాబు దొరుకుతుంది. అది ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో కూడా ముందే చెప్పేస్తున్నాను.

పగటిపూట త్రీ ఫేజ్ కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఆటో స్టార్టర్లన్నీ ఒకేసారి ఎత్తుకుంటాయి. డైరెక్ట్ స్టార్టర్ మీద నడిచే మోటారు మొదట్లో మామూలు ఆంపియర్లకు ఐదారు రెట్లు లాగుతుంది. అందరూ ఒకేసారి లాగితే ఓల్టేజీ కుంగుతుంది. ఓల్టేజీ కుంగితే మోటారు స్పీడందుకోవడం ఆలస్యమై ఇంకాసేపు అలాగే లాగుతుంది, రిలే కొడుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటారు బాగుంటే ఈ తతంగం సెకను లోపే అయిపోతుంది. మన బాక్సేమో సెకనుకు ఒక రీడింగు చూపిస్తుంది. ఇక అది పట్టుకునేదెక్కడ?

"చిప్పు మార్చేయండి" అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. చిప్పులో లోపం లేదు. బాక్సులో ఉన్న 12 బిట్ల ఏడీసీ, అంటే వైరు మీది ఓల్టేజీని అంకెగా మార్చే చిప్పు, మనకు కావలసిన దానికన్నా చాలా వేగంగా చదవగలదు. అడ్డం ఉన్నది దాన్ని నడిపే కెర్నెల్ డ్రైవర్, అంటే బాక్సును నడిపే లినక్స్ సాఫ్ట్‌వేర్ మూలభాగం (కెర్నెల్)లో ఈ చిప్పుతో మాట్లాడే ప్రోగ్రాం. లినక్స్‌లో ఇలాంటి చిప్పుల కోసం ఐఐఓ అనే విభాగం ఉంది. అందులో రీడింగు తీసుకోవడానికి రెండు దారులు. ఒకటి, ఒక్కో చానల్‌కు, అంటే చిప్పు కొలిచే ఒక్కో ఓల్టేజీకి లేదా కరెంటుకు, ఒక్కో ఫైలు ఉంటుంది. మన ప్రోగ్రాం ఆ ఫైలు తెరిచి చదివిన ప్రతిసారీ చిప్పు నుంచి ఒక అంకె వస్తుంది. రెండోది బఫర్. కెర్నెలే టైమరు ప్రకారం చానళ్లన్నీ చదివి వరసగా పేర్చుకుంటుంది, ప్రోగ్రాం వచ్చి ఒకేసారి తీసుకుపోతుంది. గ్లాసు గ్లాసుకూ ఇంటింటికీ తిరగకుండా, కేంద్రంలో క్యాను నిండాక పాల వ్యాను వచ్చినట్టు. మనం వాడుతున్న డ్రైవర్‌లో మొదటి దారి మాత్రమే ఉంది. రెండోది మేమే రాశాం.

మొదటి దారిలో మామూలుగా నడిచే మోటారు ఆంపియర్లు దాదాపు సరిగ్గానే వచ్చేవి. చాలా సైకిళ్ల మీద సగటు తీస్తాం కాబట్టి శాంపిళ్ల (ఒక్కో క్షణం తీసిన రీడింగుల) మధ్య ఎడం హెచ్చుతగ్గులున్నా సర్దుకుపోతుంది. పవర్ ఫ్యాక్టర్ దగ్గర అలా సర్దుకోదు, ఓల్టేజీకన్నా కరెంటు ఎంత వెనకబడిందో చూసి తీసే లెక్క అది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు ఒక సైకిలు, అంటే 360 డిగ్రీలు, 20 మిల్లీసెకన్లు. ఓల్టేజీ చదివాక ఆంపియర్లు చదివేలోపు ప్రాసెసర్ వేరే పనిలో పడి ఒక్క మిల్లీసెకను జారితే 18 డిగ్రీలు తప్పు. యాప్‌లో ఇన్నాళ్లూ పవర్ ఫ్యాక్టర్ ఎందుకు పెట్టలేదంటే ఇందుకే. పెట్టి ఉంటే ఏదో ఒక అంకె కనబడేది, చూడ్డానికి బాగుండేది కూడా.

కొత్త డ్రైవర్‌లో టైమరు సెకనుకు 1600 సార్లు కొడుతుంది, అంటే సైకిలుకు 32 శాంపిళ్లు. టైమరు కొట్టగానే ఆ క్షణం టైమును నోట్ చేసుకుంటుంది. ఆ వెంటనే వేరే థ్రెడ్ మూడు ఓల్టేజీలు, మూడు కరెంట్లు వరసపెట్టి ఒకే ఎస్‌పీఐ (ప్రాసెసర్‌కూ చిప్పుకూ మధ్య డేటా నడిచే లైను) మెసేజ్‌లో చదివేస్తుంది. ఒక్కో చానల్‌కు 24 క్లాకులు, 1 మెగాహెర్ట్జ్ మీద 24 మైక్రోసెకన్లు. ఒక చానల్‌కూ పక్క చానల్‌కూ తేడా అరడిగ్రీ లోపే. పైగా ఎప్పుడూ అంతే తేడా కాబట్టి లెక్కలో తీసేయొచ్చు. తేడా ఉండటం ఇబ్బంది కాదు, గంటకో రకంగా ఉంటేనే చిక్కు.

టైమరు కొట్టిన ప్రతిసారీ బఫర్‌లో ఒక వరస చేరుతుంది. అందులో ఆరు చానళ్లకు 12 బైట్లు, టైముకు 8 బైట్లు. లెక్కకు 20 రావాలి కానీ 24 వస్తాయి, ఎందుకంటే ఆ టైము 8తో భాగింపబడే స్థానంలోనే మొదలవ్వాలి, మధ్యలో 4 బైట్లు ఖాళీగా ఉంటాయి. బాక్సు నుంచి సొంతంగా డేటా లాగే ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ ఖాళీని గుర్తుంచుకోండి. లేదంటే టైము కాలమ్‌లో చెత్త అంకెలు చూసి మాకు ఫోన్ చేస్తారు!

సెకనుకు 38,400 బైట్లంటే అంతా దాచితే రోజుకు 3.3 జీబీ. మెమరీ కార్డు ఎన్నాళ్లో బతకదు. అందుకని మోటారు స్టార్టైనప్పుడు, ట్రిప్పైనప్పుడు మాత్రం ముందు 2 సెకన్లు, తర్వాత 5 సెకన్లు దాస్తాం. మిగతా సమయంలో 10 సైకిళ్లకోసారి లెక్క తీసి శాంపిళ్లు వదిలేస్తాం. కరెంటు నాణ్యత ఎలా కొలవాలో చెప్పే ఐఈసీ 61000-4-30 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా 50 హెర్ట్జ్‌కు 10 సైకిళ్లనే తీసుకోమంటుంది. అంతమాత్రాన మన బాక్సుకు ఆ సర్టిఫికెట్ ఉందని ఏ డీలరైనా చెబితే నమ్మకండి, లేదు.

శాంపిళ్లు పోవడమనేది ఉండదని కూడా చెప్పను. బఫర్‌లో 4096 వరసలు పడతాయి, అంటే రెండున్నర సెకన్లు. సిగ్నల్ లేనిచోట మోడెం సతాయించి ప్రోగ్రాం అంతకన్నా ఎక్కువసేపు ఆగిపోతే కొత్త శాంపిళ్లు బఫర్‌లో చోటులేక పోతాయి. వరసకూ వరసకూ మధ్య 625 మైక్రోసెకన్లు ఉండాలి కాబట్టి ఎక్కడ పోయాయో తెలిసిపోతుంది. గ్రాఫులో అక్కడ గీత తెంపి చూపిస్తాం, కలిపి గీయం. పిడుగు పడ్డప్పుడు వచ్చే సర్జ్ మైక్రోసెకన్ల వ్యవహారం, అది ఈ వేగానికి కూడా అందదు.

ఇప్పుడు కొందరికి నచ్చని మాట. బ్యాటరీ లేని బాక్సులకు ఈ అప్‌డేట్‌తో పవర్ ఫ్యాక్టర్ వస్తుంది కానీ, కరెంటు రాగానే జరిగే స్టార్ట్ కనబడదు. ఆ బాక్సు కూడా అదే కరెంటుతో బూటవుతుంది, అది లేచేసరికి మోటారు తిరుగుతూ ఉంటుంది. దీనికోసమని బ్యాటరీ కొనమని మేం అడగం. ఆటో స్టార్టర్‌లో డిలే సెట్టింగ్ ఉంటే పెంచుకోండి, బాక్సు లేచాకే మోటారు ఎత్తుకుంటుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులు మాట్లాడుకుని తలా ఒక డిలే పెట్టుకుంటే ఓల్టేజీ కుంగడం కూడా తగ్గుతుంది. బాక్సు ఉన్నా లేకపోయినా ఆ పని చేసుకోవచ్చు.

అప్‌డేట్‌కు డబ్బులేమీ తీసుకోం. కెర్నెల్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందది కాబట్టి డ్రైవర్ సోర్సు (ప్రోగ్రాం కోడ్) అడిగిన ప్రతి కస్టమర్‌కూ ఇస్తాం. పాత ఫైలు దారిలో రీడింగు లాగే స్క్రిప్టులు రాసుకున్న డ్రిప్ డీలర్లు మాత్రం అప్‌డేట్ వేసుకునే ముందు మాకు ఒక మెసేజ్ పెట్టండి. బఫర్ నడుస్తున్నంతసేపు ఆ ఫైళ్లు "డివైస్ బిజీ" అనే అంటాయి. మీ స్క్రిప్టుకు బదులు ఏం వాడాలో మేం రాసి పంపుతాం, అది అందాకే అప్‌డేట్ నొక్కండి.