పందెం మీది, పడవ మాది: క్రీడల మంత్రి గారికి ఒక బోటు యజమాని లేఖ

రాష్ట్ర యువజన, క్రీడల శాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. నేను నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం తీరంలో ఒక ఫైబర్ బోటుకు యజమానిని. యజమాని అనగానే పడక కుర్చీలో కూర్చున్న ఆసామిని ఊహించుకోకండి. మా దగ్గర యజమాని కూడా తెల్లవారకముందే కళాసీలతో (బోటు మీద పనిచేసేవాళ్లతో) కలిసి బోటుకు భుజం ఆనించి నీళ్లలోకి నెట్టేవాడే. బోటు మీద ఒక అప్పు, ఇంజను మీద ఇంకో అప్పు, వలల మీద షావుకారు ఇచ్చిన బయానా. బయానా తీసుకున్న పాపానికి పట్టిన చేపను ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వేయాలి. ఇలాంటి మాచేత పోయినసారి పడవ పందేలకు పెట్టుబడి పెట్టించారు. మళ్లీ పందేలు పెడతారని, ఈసారి ఇంకా ఘనంగా ఉంటాయని తీరంలో చెప్పుకుంటున్నారు. అనుమతి కాగితం మీద సంతకం పడేలోగా ఈ ఉత్తరం మీ బల్ల మీదికి చేరాలని రాస్తున్నాను.

పోయినసారి నిర్వహించింది ఒక ప్రైవేటు సంస్థ. పేరు రాయను. ఆ సంస్థ పోతే మరొకటి వస్తుంది, పద్ధతి మారకపోతే మాకు ఒరిగేదేమీ లేదు. మొదట బోటుకు ప్రవేశ రుసుం రూ.3,000 అన్నారు. ఆ తర్వాత తిరిగి ఇచ్చేస్తామంటూ డిపాజిట్ రూ.2,000 కట్టించుకున్నారు. కళాసీలకు ఒకే రంగు చొక్కాలు తప్పనిసరి, అవి వాళ్ల దగ్గరే కొనాలి. డీజిలు మాది. బోటును పందెం జరిగే చోటికి తెచ్చుకునే ఖర్చూ మాదే. అప్పటికీ ఒప్పుకున్నాం, ఎందుకంటే మొదటి బహుమతి లక్ష రూపాయలని బ్యానర్ల మీద ఉంది, మా కుర్రాళ్లకు పందెం అంటే ప్రాణం. గెలిచిన బోటు వాళ్లకు వేదిక మీద మనిషంత అట్ట చెక్కు ఇచ్చి ఫొటోలు తీశారు. అట్ట ఇంట్లో ఉంది, డబ్బు రాలేదు. మా డిపాజిట్లూ రాలేదు. ఫోను చేస్తే స్పాన్సరు నుంచి సొమ్ము అందలేదంటారు. స్పాన్సరుతో మాకేం పని? మేము కట్టింది మీ అనుమతి చూసి.

ఖర్చు అంతటితో అయిపోలేదు. వేటలో మా లెక్క వాటాల మీద నడుస్తుంది. సరుకు అమ్మిన డబ్బులో డీజిలు, ఐసు, తిండి ఖర్చులు తీసేసి మిగిలినది బోటుకు ఇంత, వలకు ఇంత, మనిషికి ఇంత అని పంచుకుంటాం. వేటకు పోని రోజు పంచుకోవడానికి ఏమీ ఉండదు. పందెం పేరుతో ఒడ్డున నిలబెట్టిన కళాసీకి ఆ రోజు కూలి ఎవరివ్వాలి? నన్ను నమ్మి వచ్చాడు కాబట్టి నేనే ఇచ్చాను. అది కూడా వంజరం, చందువా బాగా పడే చలికాలంలో. ఆ ఉదయం పందేలకు రాని బోట్లు నిండుగా తిరిగి వస్తుంటే మేము నంబరు చీటీ కోసం వరుసలో ఉన్నాం. ఇంకో చిక్కు: వేటకోసమని ప్రభుత్వం డీజిలు మీద లీటరుకు రూ.9 రాయితీ ఇస్తోంది, అదీ నెలకు ఇంతే అనే పరిమితితో. పందెంలో తగలేసిన డీజిలు ఆ కోటాలోంచే పోయింది.

చూడడానికి వచ్చిన జనం సంగతి క్లుప్తంగా చెబుతాను, అది అన్ని ఉత్సవాల్లోనూ ఉన్నదే. మేము వలలు ఆరబెట్టుకునే ఇసుక మీద కర్రలు పాతి గ్యాలరీ కట్టారు. మా ఆడవాళ్లు తమ ఇంటి బోటును తమ ఒడ్డున చూడడానికి టికెట్ కొనాల్సి వచ్చింది. మంచినీళ్ల సీసా బయటి ధరకు రెట్టింపు. మరుగుదొడ్లు అతిథుల వైపు మాత్రమే.

అసలు గొడవ నీళ్ల మీద జరిగింది. పందెం ఉదయం ఏడింటికి అన్నారు. మా తీరంలో పొద్దున నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, ఎండ ఎక్కేకొద్దీ సముద్రం మీది నుంచి గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి అలలు విరిగే వరుస పెరుగుతుంది. ఇది ఇక్కడ పదేళ్ల పిల్లవాడికీ తెలుసు. ముఖ్య అతిథి రావడం ఆలస్యమైందని జెండా ఊపింది దాదాపు మిట్టమధ్యాహ్నం. హైదరాబాదులోని ఇంకాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ప్రతిరోజూ అలల ఎత్తు, గాలి వేగం ముందుగానే చెబుతుంది. ఉచితం కూడా. ఆ సమాచారం చూసే మనిషి నిర్వాహకుల్లో ఒక్కరూ లేరు. వేదిక మీద పాటలు పెట్టేందుకు మాత్రం ముగ్గురున్నారు.

ఇక బోట్ల వర్గీకరణ. వెనక తగిలించే ఔట్‌బోర్డు ఇంజను ఉన్న బోటునూ, లోపల బిగించిన డీజిలు ఇంజను బోటునూ ఒకే గీత మీద నిలబెట్టారు. తెడ్లు వేసే తెప్పలకు విడిగా పందెం పెడతామని పిలిచి, సమయం లేదని వాటిని ఇంటికి పంపారు. తెప్ప మీద వచ్చినవాళ్లు అందరికంటే పేదవాళ్లు, అందరికంటే ఒడుపైనవాళ్లు. నిజంగా చూడదగ్గ పందెం అదే అయ్యుండేది. సరిగ్గా చోటు కొలవకుండా బోట్లను పక్కపక్కనే నిలబెట్టడంతో బయల్దేరగానే రెండు ఢీకొన్నాయి. ఫైబర్ చీలిక అంటే తెలియనివారికి చిన్న గీతలా కనిపిస్తుంది. దాన్ని అరగదీసి, గాజు పీచు మ్యాట్ పరిచి, రెసిన్ అనే జిగురు పూసి ఆరనిచ్చేదాకా బోటు నీళ్లు ముట్టకూడదు. అన్నాళ్లూ ఆ ఇంట్లో వేట లేనట్టే. పందెం దారిలో ముందు సాయంత్రం వేసి ఉన్న వలలు ఇంజను పంకాలకు చుట్టుకుని తెగిపోయాయి. పందెంతో ఏ సంబంధమూ లేని ఆ వలల వాళ్లకు ముందుగా కబురు చెప్పిన పాపాన పోలేదు. తర్వాత పైసా పరిహారం లేదు.

గెలుపెవరిదో వేదిక మీది పెద్దమనుషులు కంటితో చూసి చెప్పారు. ఎండ కళ్లలో కొడుతుంటే, అంత దూరంలో, అలల మధ్య! రెండు ఊళ్ల మధ్య తగాదా ఆ పూటే మొదలైంది. కేరళలో అలప్పుళ దగ్గర పున్నమడ కాయల్ అనే ఉప్పుటేరులో 1952 నుంచి నెహ్రూ ట్రోఫీ పందేలు జరుగుతున్నాయి. 2024లో అక్కడ ఫైనల్లో కారిచాల్ చుండన్ (చుండన్ అంటే పాము ఆకారపు పొడవాటి పడవ) 4 నిమిషాల 29.785 సెకన్లకు, వీయపురం చుండన్ 4 నిమిషాల 29.790 సెకన్లకు గీత దాటాయి. తేడా సెకనులో వెయ్యింట అయిదు వంతులు. అంత కొలిచినా ఓడినవాళ్లు అభ్యంతరం చెప్పారు. కొలతే లేని చోట మా కుర్రాళ్లు కర్రలు పట్టుకోకుండా ఆపిన మా ఊరి పెద్దలకు మీరు ఒక సన్మానం బాకీ ఉన్నారు.

మంత్రి గారూ, డబ్బు పోయిన దానికంటే నన్ను ఎక్కువ భయపెట్టిన సంగతి ఇప్పుడు చెబుతాను. పందేలయ్యాక అతిథుల కుటుంబాలను బోట్లలో ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పమన్నారు. నా బోటుకున్నది చేపల వేట లైసెన్సు. యాత్రికులను ఎక్కించుకోవాలంటే అనుమతి వేరు, తనిఖీ వేరు, ఎంతమందిని ఎక్కించవచ్చనే లెక్క వేరు. నేను కుదరదన్నాను. కొందరు మొహమాటానికి ఎక్కించుకున్నారు. లైఫ్ జాకెట్లు ఫొటోలో కనిపించే ముందు వరుసకే సరిపోయాయి. పైగా బోట్ల పక్కన ప్రకటనల స్టిక్కర్లు అంటించి రిజిస్ట్రేషన్ నంబర్లు మూసేశారు. నంబరు కనబడని బోటును సముద్రంలో మెరైన్ పోలీసులు ఆపితే సమాధానం చెప్పుకోవలసింది స్టిక్కరు కంపెనీ కాదు, నేను.

2017 నవంబర్ 12ను మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లం మరిచిపోలేదు. కార్తీక మాసపు ఆదివారం. కృష్ణలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమానికి వెళ్తున్న పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మన ఒంగోలు వాళ్లు, సరదాగా కలిసి బయల్దేరినవాళ్లు. ఆ పడవకు అక్కడ యాత్రికులను తిప్పే అనుమతే లేదని తర్వాత తేలింది. నదిలోనే అలా అయితే, గాలి లేచిన సముద్రంలో, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేని చేపల బోటులో, ఈత రాని పిల్లలతో ఏమవుతుంది? ఆ రోజు ఏమీ కాలేదంటే అది నిర్వాహకుల గొప్ప కాదు. ఏదైనా అయ్యుంటే కేసు పడేది బోటు యజమాని మీద. రుసుం తీసుకున్న సంస్థ రసీదులో 'ప్రమాదాలకు మా బాధ్యత లేదు' అని సన్న అక్షరాల్లో అచ్చు వేయించుకుంది.

మన దగ్గర ఏర్పాట్లు చేసే చేవ లేదని నేను అనను. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర ఏటా రొట్టెల పండుగ జరుగుతుంది. లక్షల మంది వస్తారు, చెరువులో దిగుతారు. బారికేడ్లు, గజ ఈతగాళ్లు, పడవలు, వైద్య శిబిరాలు, దారి చెప్పే పోలీసులు, అన్నీ ఉంటాయి. రొట్టె పట్టుకోవడానికి ఎవరూ టికెట్ కొనరు. అదే జిల్లా, అదే యంత్రాంగం. అక్కడ కలెక్టరు దగ్గరి నుంచి పారిశుధ్య కార్మికుడి దాకా ఎవరి పని ఏమిటో ముందే రాసి ఉంటుంది. మా పందేల్లో మాత్రం ప్రతి అధికారీ అతిథిగా వచ్చి వెళ్లారు.

కాబట్టి మేము అడిగేది ఇదీ. పందెం ఏర్పాట్లలో బోటు యజమానులకు ఓటు ఉండాలి. నెహ్రూ ట్రోఫీకి అలప్పుళ కలెక్టరు అధ్యక్షతన ఒక సొసైటీ ఉంది. పాల్గొన్న పడవలకు బోనస్ ఇచ్చే ఆనవాయితీ ఉంది. అక్కడా అంతా బాగుందని నేను చెప్పడం లేదు. 2024లో వయనాడ్ కొండచరియల విషాదం తర్వాత ఆగస్టు 10న జరగాల్సిన పందెం సెప్టెంబర్ 28కి వాయిదా పడితే, అప్పటికే శిక్షణ శిబిరాలకు ఖర్చు పెట్టుకున్న క్లబ్బులు గగ్గోలు పెట్టాయి. కానీ వాళ్లకు గగ్గోలు పెట్టడానికి ఒక తలుపుంది. మాకు అనుమతి ఇచ్చిన కార్యాలయం సంస్థను అడగమంటుంది, సంస్థ ఫోను ఎత్తదు.

మా జిల్లాలోనూ కలెక్టరు కింద అలాంటి కమిటీ వేయండి. వేట బోటు దగ్గర ప్రవేశ రుసుం తీసుకోవద్దు. డీజిలు, కళాసీల ఆ రోజు కూలి, బోటుకు ఆ రోజు బీమా నిర్వాహకులే భరించాలి. బహుమతి సొమ్మును పందేనికి ముందే బ్యాంకులో వేసి కలెక్టరు పేరున ఉంచాలి. చేపల బోటులో అతిథులను ఎక్కించే పని పూర్తిగా మానాలి. పందెం మొదలుపెట్టే గంటను నిర్ణయించే అధికారం తీరంలోని పెద్దలకే వదలండి. ముఖ్య అతిథి ఎవరైనా సరే.

ఎప్పుడు పెట్టాలన్నది కూడా ఆలోచించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లకు వేట నిషేధం. 2025లో భృతిని రూ.20,000కు పెంచారు, సంతోషం. ఆ రోజుల్లో ఇంజను బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, చేతులు ఖాళీగా ఉంటాయి. తుపాను హెచ్చరిక లేని ఉదయం చూసి తెడ్ల పందేలు అప్పుడు పెడితే ఇంజను బోట్ల వాళ్లెవరి వేటా పోదు. ఇంజను పందేలు నాకు పెద్దగా నచ్చవు కూడా. డబ్బున్నవాడి ఇంజను గెలుస్తుంది, మనిషి గెలవడు.

తెడ్ల మాట ఊరికే అనలేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కోస్టల్ రోయింగ్ బీచ్ స్ప్రింట్ మొదటిసారి పెడుతున్నారు. ఇసుక మీద పరుగెత్తి, నీళ్లలో పట్టుకుని ఉంచిన పడవలోకి దూకి, నీళ్ల మీద తేలే బోయాలను తప్పించుకుంటూ 250 మీటర్లు వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ ఇసుక మీద పరుగెత్తి ముగించాలి. చదివినప్పుడు నవ్వొచ్చింది. మా పిల్లలు సెలవుల్లో ఆడుకునేది అచ్చంగా ఇదే. వాళ్లకు లేనిది ఆ పోటీ పడవ, నేర్పే మనిషి. సముద్రమే లేని మధ్యప్రదేశ్‌లో, దేవాస్ జిల్లా రైతు బిడ్డ నేహా ఠాకూర్ భోపాల్ చెరువులో నేర్చుకుని 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో తెరచాప పడవ పోటీలో వెండి పతకం తెచ్చింది. పెద్ద వేదికకు, లైట్లకు, పాటల బృందానికి పోయే సొమ్ములో కొంత తీసి మైపాడు వైపు రెండు పోటీ పడవలు, ఒక శిక్షకుడిని పంపించండి. ఫలితం ఏమొస్తుందో నేను హామీ ఇవ్వలేను. పోయినసారి ఖర్చుకు ఏమొచ్చిందో మాత్రం పైన రాశాను.

డిపాజిట్ కట్టిన బోట్ల జాబితా, రసీదుల నకళ్లు, తెగిన వలల ఫొటోలు మా దగ్గర ఉన్నాయి. కమిటీ వేస్తే దాని ముందు పెడతాం, లేదంటే మీ కార్యాలయానికే తెస్తాం. మాతో మాట్లాడే ఉద్దేశం ఉంటే సమావేశాన్ని ఏప్రిల్ 15 తర్వాత పెట్టించండి. అంతకుముందు పెడితే వేట మానుకుని రావాలి, మళ్లీ ఆ రోజు కూలి కూడా మేమే పెట్టుకోవాలి.

ఇట్లు,
ఒక ఫైబర్ బోటు యజమాని,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా