టీవీ అమ్మేవారి బాధ్యత గోడకు బిగించడంతో తీరదు

సంపాదకులకు నమస్కారం.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిన తరువాత, అంతవరకు చిన్న టీవీతో సరిపెట్టుకున్న ఎన్నో కుటుంబాలు 43 అంగుళాలకో, 55 అంగుళాలకో మారుతున్నాయి. పండుగల ముందు పత్రికల్లో వచ్చే పూర్తి పేజీ ప్రకటనలు కూడా అంగుళాలు, తగ్గింపు ధరలు, నెలవారీ వాయిదాల వివరాలతోనే నిండి ఉంటున్నాయి. టీవీల మరమ్మతునే వృత్తిగా చేసుకున్న నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం ఒక్కటే. కొన్న టీవీని ఇంట్లో సరిగా అమర్చే బాధ్యతను తయారీదారు గానీ, దుకాణదారు గానీ తమదిగా భావించడం లేదు. గోడకు బిగించి, రిమోట్ చేతికిచ్చి, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పించుకుని వెళ్లిపోవడాన్నే ఇన్‌స్టలేషన్ అంటున్నారు.

బొమ్మ బాగా లేదని కబురు వస్తే వెళ్లిన ఇళ్లలో, విప్పి చూడవలసిన అవసరమే లేని టీవీలు నాకు తరచుగా కనిపిస్తుంటాయి. మొన్నామధ్య వెళ్లిన ఒక ఇంట్లో 55 అంగుళాల 4కె (ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలుండే) టీవీ గోడ మీద ఉంది, దాని కింద అల్మరాలో హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సు ఉంది, నెలనెలా హెచ్‌డీ ప్యాకేజీకి డబ్బు కూడా కడుతున్నారు. కానీ ఆ రెండింటినీ కలిపినది ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల పాత ఏవీ వైరు. ఆ పసుపు పిన్ను గుండా హెచ్‌డీ బొమ్మ రాదు. బాక్సు ఎంత మంచిదైనా అది పాత డబ్బా టీవీల కాలం నాటి 576 గీతల బొమ్మనే పంపుతుంది. టీవీ ఆ కాస్త బొమ్మను సాగదీసి 55 అంగుళాల తెర అంతటా పరుస్తుంది. పాత సినిమా వస్తే మనుషుల ముఖాలు అడ్డంగా సాగి, లావుగా కనిపిస్తాయి, వార్తల ఛానళ్లలో అడుగున నడిచే అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. పాత టీవీకి ఉన్న వైరునే తీసి కొత్త టీవీకి తగిలించి, బొమ్మ వచ్చింది కదా అని బిగించినతను వెళ్లిపోయాడు. ఒక హెచ్‌డీఎంఐ వైరు తగిలించి, బాక్సు సెట్టింగుల్లో 1080ఐ ఎంచి, టీవీలో తెర నిష్పత్తిని సరిచేయగానే ఆ ఇంటి పెద్దావిడ, “ఇన్నాళ్లూ మేము చూసింది ఏమిటి బాబూ?” అని అడిగారు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పవలసినది ఆ టీవీ అమ్మినవారు.

వైరు తరువాత నేను చూసేది పిక్చర్ మోడ్. దుకాణంలో వరుసగా ఇరవై టీవీలు వెలుగుతుంటాయి, పైన కళ్లు చెదిరే దీపాలుంటాయి. అక్కడ పక్క టీవీ కంటే మెరిసి కనబడాలి కాబట్టి వెలుగును చివరిదాకా పెంచి, రంగులను ముదరగొట్టి, నీలిఛాయను ఎక్కువ చేసి ఉంచుతారు. వివిడ్ అనో, డైనమిక్ అనో పిలిచే మోడ్ అదే. కొన్ని టీవీలు మొదటిసారి పెట్టగానే ఇంటికా, దుకాణానికా అని అడుగుతాయి. బిగించే కుర్రవాడు తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తే ఆ టీవీ ఇంటి హాల్లో కూడా దుకాణంలో ఉన్నట్టే మండుతూ ఉంటుంది. రాత్రిపూట గదిలో దీపం తీసేసి చూసే పిల్లల కళ్లకు ఇది మంచిది కాదు. కరెంటు కూడా ఎక్కువ తాగుతుంది. కరెంటు పొదుపును నక్షత్రాలతో చెప్పే బీఈఈ స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని అచ్చువేసిన లెక్కను నమ్మి కొన్నవారికి, వెలుగును చివరిదాకా పెంచి ఉంచితే ఆ లెక్క వర్తించదు.

అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. మనం ఎల్‌ఈడీ టీవీ అంటున్నది నిజానికి ఎల్‌సీడీ తెరే. దాని వెనుకనో, అంచునో చిన్న ఎల్‌ఈడీ దీపాల పట్టీలు వెలుగుతుంటే ఆ వెలుగు తెర గుండా వచ్చి మనకు బొమ్మ కనిపిస్తుంది. క్యూఎల్‌ఈడీ అని అమ్మేవాటిలోనూ పద్ధతి ఇదే, రంగులు మెరుగుపరచే ఒక పొర అదనం, అంతే. బ్యాక్‌లైటును రోజంతా పూర్తి వెలుగులో ఉంచితే ఆ పట్టీలు వేడెక్కి త్వరగా పాడవుతాయి. మాట వినిపిస్తుంది, బొమ్మ కనిపించదు అని మా దగ్గరకు వచ్చే టీవీల్లో చాలావాటి జబ్బు ఇదే. చీకటి చేసి తెరకు దగ్గరగా టార్చి వేసి చూస్తే లోపల బొమ్మ మసకమసకగా కదులుతూనే ఉంటుంది, వెనుక దీపాలే ఆరిపోయి ఉంటాయి. వారంటీ ముగిశాక ఆ పట్టీలు మార్చాలంటే పలుచని గాజు తెరను విడదీయాలి. ఎంత జాగ్రత్తగా చేసినా అది పగిలే ప్రమాదం ఉంటుంది, పగిలితే తెర ఖరీదు దాదాపు కొత్త టీవీ ఖరీదుతో సమానం. రిమోట్‌లో రెండు మీటలు నొక్కితే చాలావరకు దూరం చేయగల నష్టం గురించి కొన్న రోజున ఎవరూ ఒక్క మాట చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తోంది.

సినిమాలు చూసేవారికి ఇంకో చిక్కు ఉంది. సినిమాను సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. కొత్త టీవీలు వాటి మధ్య లేని ఫ్రేములను తామే కల్పించి కదలికను నున్నగా చేస్తాయి. ట్రూమోషన్, మోషన్‌ఫ్లో అంటూ కంపెనీకొక పేరు పెట్టుకున్నారు. క్రికెట్‌కు అది కొంత పనికొస్తుందేమో గానీ, సినిమాను మాత్రం సీరియల్ షూటింగు చూస్తున్నట్లు చేస్తుంది. దాన్ని ఆపేయమని, షార్ప్‌నెస్‌ను బాగా తగ్గించమని నేను ప్రతి ఇంట్లోనూ చెబుతాను.

ఇక ఎన్ని అంగుళాలు కొనాలన్నది. పెద్ద టీవీ కళ్లకు చెడ్డదని, చిన్న గదికి తగదని మన ఇళ్లలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. డబ్బా టీవీల రోజుల్లో గీతలు కనిపించేవి కాబట్టి దూరంగా కూర్చోవలసి వచ్చేది, ఇప్పుడా ఇబ్బంది లేదు. అడ్డంగా కొలిస్తే 43 అంగుళాల టీవీ సుమారు 95 సెంటీమీటర్లు, 55 అంగుళాలది సుమారు 122 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ వెడల్పుకు రెట్టింపుకన్నా కొద్దిగా తక్కువ దూరంలో కూర్చుంటే తెర చూపుకు నిండుగా ఉంటుంది. అంటే 43 అంగుళాలకు దాదాపు ఆరడుగులు, 55 అంగుళాలకు ఏడున్నర అడుగులు. సోఫా గోడకు ఆనించి ఉన్న మామూలు హాల్లో 55 అంగుళాలు ఎక్కువేమీ కాదు. అయితే ఇంట్లో చూసేది ఎక్కువగా మామూలు ఎస్‌డీ ఛానళ్లే అయినప్పుడు తెర పెరిగేకొద్దీ బొమ్మలోని లోపాలూ పెరుగుతాయి. అలాంటివారు 43తో ఆగి, మిగిలిన డబ్బుతో హెచ్‌డీ ప్యాకేజీకి మారడం మేలని నా అభిప్రాయం. 43 అంగుళాల తెరను ఆరడుగుల దూరం నుంచి చూసే మామూలు కంటికి మంచి ఫుల్ హెచ్‌డీ బొమ్మకూ, 4కె బొమ్మకూ చుక్కల్లో తేడా తెలియదు. ఇప్పుడు ఈ కొలతలో వచ్చేవి దాదాపు అన్నీ 4కె టీవీలే కాబట్టి కొనేవారికి నష్టం లేదు గానీ, ఆ ఒక్క మాట కోసం ఎక్కువ ధర పెట్టనవసరం లేదు.

దుకాణంలో అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది, దాన్ని ఎవరూ అడగరు. ఎల్‌సీడీ తెరల్లో రెండు రకాలున్నాయి, ఇది ఐపీఎస్ రకమా, వీఏ రకమా? వీఏ తెరలో నలుపు నల్లగా ఉంటుంది, ఎదురుగా కూర్చున్నవారికి బాగుంటుంది, పక్క నుంచి చూస్తే రంగు వెలిసినట్లవుతుంది. ఐపీఎస్‌లో నలుపు కొంచెం బూడిదగా ఉన్నా పక్కలకు కూర్చున్నవారికి కూడా బొమ్మ ఒకేలా కనిపిస్తుంది. నాన్నగారు పడక కుర్చీలో ఒక పక్క, పిల్లలు నేల మీద ఇంకో పక్క, వంటింటి గుమ్మం నుంచి ఇంకొకరు చూసే మన ఇళ్లకు ఈ తేడా అంగుళాలకన్నా ముఖ్యం. అమ్మేవారు చెప్పలేకపోతే పక్కకు నాలుగడుగులు వేసి చూస్తే తెలిసిపోతుంది. వెనుక దీపాలు లేకుండా ప్రతి చుక్కా తానే వెలిగే ఓఎల్‌ఈడీ తెరకు ఈ రెండు లోపాలూ లేవు. కానీ పొద్దున లేచింది మొదలు రాత్రిదాకా ఒకే వార్తా ఛానల్ నడిచే ఇంట్లో దాన్ని పెట్టవద్దని నేను చెబుతాను. కదలకుండా ఉండే ఛానల్ లోగో, అడుగున ఉండే వార్తల పట్టీ కొన్నేళ్లకు తెర మీద మరకలా నిలిచిపోయే అవకాశం ఉంది.

గోడకు బిగించడంలో జరిగే పొరపాట్లు ప్రమాదానికే దారితీస్తాయి. రంధ్రం వేసేటప్పుడు రాలే పొడిని చూస్తే గోడ ఏమిటో తెలిసిపోతుంది. ఎర్రటి పొడి వస్తే ఇటుక, బూడిదరంగు పొడి గట్టిగా, నిదానంగా వస్తే కాంక్రీటు, తెల్లటి పొడి పిండిలా జలజలా రాలితే ఏఏసీ బ్లాకు, అంటే లోపల గాలి బుడగలుండే తేలిక సిమెంటు ఇటుక. కొత్త అపార్ట్‌మెంట్లలో ఈ బ్లాకులు విరివిగా వాడుతున్నారు. టీవీతో వచ్చే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు వీటిలో పట్టు నిలవక కొన్నాళ్లకు వదులవుతాయి. ఏఏసీ కోసమే చేసిన పొడవాటి ప్లగ్గులు వాడాలి. అవి లేనప్పుడు బిగించనని చెప్పే ధైర్యం వచ్చినతనికి ఉండాలి, అలా చెప్పినందుకు అతని కూలి తెగకూడదు. రోజుకు ఇన్ని ఇళ్లు పూర్తిచేయాలని పరుగులు పెట్టిస్తున్నంతకాలం ఆ కుర్రవాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

ఎత్తు విషయంలో మాత్రం ఇంటివారి పట్టుదలే ఎక్కువ. పిల్లలకు అందకూడదనో, కింద షోకేసు ఉందనో టీవీ అడుగు అంచునే ఐదడుగుల ఎత్తున పెట్టిస్తారు. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను నేలకు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది, తెర మధ్యభాగం కాస్త అటూఇటూగా అక్కడికి రావాలి. 43 అంగుళాల టీవీకి అడుగు అంచు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటే చాలు. మెడ ఎత్తి రోజూ రెండు గంటలు సీరియళ్లు చూసే పెద్దవారి మెడనొప్పికి మందులకంటే ముందు టీవీ ఎత్తును చూడాలి. చిన్న పిల్లలున్న ఇంట్లో టీవీని స్టాండు మీద పెడితే మాత్రం వెనుక నుంచి పట్టీతో గోడకు కట్టి తీరాలి.

టీవీతో పాటు స్టెబిలైజరు కూడా అంటగట్టే దుకాణాలు ఇంకా ఉన్నాయి. టీవీ వెనుక 100–240 వోల్టులు అని రాసి ఉంటే దాని అవసరం సాధారణంగా ఉండదు. ఆ డబ్బు ఇంటి ఎర్తింగు సరిచేయించడానికి పెట్టడం మంచిది. ఎండాకాలం చివర ఉరుములు మొదలవగానే ప్లగ్గుతో పాటు డిష్ వైరును, కేబుల్ వైరును కూడా తీసేయాలి. ప్లగ్గు తీసి వైరు వదిలేసిన ఇళ్ల నుంచి పిడుగుపాటుకు బోర్డులు కాలిన టీవీలు ఏటా మా దగ్గరకు వస్తాయి.

తయారీదారులను, దుకాణాల యాజమాన్యాలను మీ పత్రిక ద్వారా నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. బిగించడానికి వచ్చినతను వైరు సరైనదో కాదో చూసి, పిక్చర్ మోడ్ మార్చి, ఇంటివారికి ఒక మామూలు ఛానల్ చూపించి సరేననిపించుకున్న తరువాతే ఓటీపీ అడగాలన్న నియమం పెట్టండి. గోడ బ్రాకెట్‌కు విడిగా డబ్బు తీసుకునేట్లయితే బిల్లు వేసే ముందే చెప్పండి. ప్రతి షోరూములో కనీసం ఒక టీవీనైనా ఇంటి మోడ్‌లో, డెమో వీడియోతో గాక మామూలు ఛానల్‌తో నడిపి చూపించండి. నాకు కనిపించే టీవీల వాడుక పుస్తకాలు చాలావరకు ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటున్నాయి. హైదరాబాదు ఈసీఐఎల్ ఒకప్పుడు ఈసీ టీవీలు తయారుచేసింది, ఇవాళ తిరుపతిలో డిక్సన్ కర్మాగారం ఎల్‌ఈడీ టీవీలు తయారుచేస్తోంది. అలాంటిచోట తెలుగులో ఒక్క కాగితం టీవీ పెట్టెలో పెట్టలేకపోవడానికి కారణం నాకు కనిపించడం లేదు. బిగింపులో లోపం ఉండి, దుకాణదారు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చన్న మాట కూడా ఆ కాగితం మీద ఉండాలి.

ఇప్పటికే టీవీ కొన్నవారు ఇవేవీ జరిగేదాకా ఆగనవసరం లేదు. సెట్టింగుల్లో పిక్చర్ మోడ్‌కు వెళ్లి వివిడ్ తీసేసి సినిమా మోడ్ గానీ, ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ పెట్టుకోండి. అవి లేకపోతే స్టాండర్డ్ సరిపోతుంది. బ్యాక్‌లైటును పగలు తగినంత, రాత్రి ఇంకా తక్కువ ఉంచుకోండి. మొదటి రోజు బొమ్మ పసుపుపచ్చగా, కాస్త డల్‌గా ఉందని ఇంట్లో అందరూ అంటారు. రెండు మూడు రోజులు మార్చకుండా అలాగే ఉంచి, ఆ తరువాత ఒకసారి మళ్లీ వివిడ్ పెట్టి చూడండి. ఏది ఉంచుకోవాలో ఇంట్లోవాళ్లే చెబుతారు.

ఇట్లు,
టీవీ మరమ్మతుల వృత్తిలో ఉన్న ఒక పాఠకుడు,
ఏలూరు.