పెద్ద బండ్ల చలికాలపు టైర్లు: శనివారంలోగా వివరాలు పంపండి

సభ్యులందరికీ నమస్కారం.

కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు చలికాలపు టైర్లు తప్పనిసరి కనుక, ఏడెనిమిది సీట్ల బండ్లు ఉన్నవారందరం కలిసి ఒకేసారి ఆర్డర్ ఇవ్వాలని అనుకుంటున్నాం. శనివారం సాయంత్రం 6 గంటలలోగా డ్రైవరు తలుపు తీసి, అక్కడి స్తంభానికి అంటించి ఉండే స్టిక్కరును ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. టైరు కొలత, గాలి ఒత్తిడి, బండి మోయగల బరువు అందులోనే ఉంటాయి.

పక్కగోడపై మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచురేకు గుర్తు ఉన్న టైర్లనే ఎంచుకోండి, ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అని మాత్రమే ఉంటే చాలదు. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే సూచిక (లోడ్ ఇండెక్స్) కంపెనీ బిగించినదానికంటే తగ్గకూడదు. నాలుగు టైర్లూ ఒకే రకానివి కావాలి.

చక్రాల విషయంలో, 20 అంగుళాల అలాయ్‌ల బదులు 18 అంగుళాల స్టీల్ చక్రాలు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. పక్కగోడ ఎత్తు పెరిగి గుంతల దెబ్బను తట్టుకుంటుంది. అయితే లోపలి బ్రేకు కాలిపర్‌కు (బ్రేకు పళ్లాన్ని నొక్కి పట్టే భాగానికి) చక్రం తగలదని ముందే నిర్ధారించుకోవాలి. నిరుడు నేను ఆ పని చేయక 17 అంగుళాలవి కొన్నాను, మొదటి చక్రమే కిర్రుమని రాసుకోవడంతో మంచులో కూర్చుని మళ్లీ విప్పాను.

బిగించాక సుమారు 100 కిలోమీటర్లు తిరిగి, నట్లను టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువుగా ఉన్నాయో కొలిచే పానాతో) తప్పక సరిచూడండి. రెంచ్ నా దగ్గర ఉంది, ఎవరైనా తీసుకెళ్లవచ్చు.