శివారు పొలానికి తడి ఏదీ?

సంపాదకులకు,

విశాఖ కుళాయిల్లోకి వచ్చే నీటిలో కొంత శారదా నదిపై కట్టిన రైవాడ జలాశయానిది. ఆ ఆయకట్టు శివారులో మా చిన్నాన్న ఎకరన్నర కౌలుకు చేస్తాడు. కిందటి ఖరీఫ్‌లో సరిగ్గా వరి పొట్ట మీదున్నప్పుడు కాలువ నీరు అందలేదు. చేను ఎండింది. ఇప్పుడు పిన్ని చోడిపిండి గ్లాసుతో కొలిచి అంబలి కాస్తోంది. వరి పండించే ఇంట్లో బియ్యం కొనుక్కుంటున్నారు!

కౌలు రైతుకు సాగు హక్కు కార్డు ఇవ్వాలంటే 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందంపై భూయజమాని సంతకం అడిగింది. పెడితే పొలం పోతుందేమోనని ఆయన టెన్షన్. కార్డు లేక చిన్నాన్నకు బ్యాంకు అప్పూ పుట్టలేదు, నష్టపరిహారమూ రాలేదు.

సంతకంతో పని లేకుండా గ్రామసభలోనే సాగుదారుణ్ని గుర్తించాలి. శివారుకు ఏ వారం ఎంత నీరిస్తారో నాట్లకు ముందే చెప్పాలి.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం