వార్షిక నివేదిక: పెద్ద ట్యాంక్, మన చేతి సంప్

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాల లెక్క ముందు చదివి, ప్రత్యేక కార్యక్రమాలు చివర చెప్పడం మన ఆనవాయితీ. ఈసారి ఆ వరస మారుస్తున్నాను. ఏడాదంతా సంఘం శ్రమ, సమయం దాదాపు ఒక్క పనికే పోయాయి. హాల్లో ఉన్న ఆరడుగుల ట్యాంకూ, దాని కింద మనం సొంతంగా కట్టుకున్న సంపూ ఆ పని. నేను ఇది చదువుతున్నప్పుడు వెనక నీళ్ళు తిరుగుతున్నాయి. చప్పుడు వినపడటం లేదంటే ఆ పని ఎంత బాగా కుదిరిందో మీకే తెలుస్తుంది.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక మాట. సంప్ అనగానే ఇంటి ఆవరణలో నేలలో కట్టే నీళ్ళ తొట్టి గుర్తొస్తుంది. అక్వేరియం వాళ్ళకి సంప్ అంటే పెద్ద ట్యాంక్ కింద, స్టాండ్ లోపల ఉండే రెండో ట్యాంక్. పైనుంచి పొంగిన నీళ్ళు పైపుల్లో కిందికి దిగి, స్పాంజీల మీదుగా, మీడియా (మేలు చేసే బాక్టీరియా పెరిగే వడపోత పదార్థం) మధ్యనుంచి నడిచి, చివరి అరలో ఉన్న పంపు ద్వారా మళ్ళీ పైకి వెళ్తాయి. హీటరు, పంపు కంటికి కనపడకుండా కిందే ఉంటాయి. మొత్తం నీటి పరిమాణం పెరుగుతుంది కాబట్టి నీటి గుణం అంత త్వరగా మారదు. మీడియాకి చోటు కూడా మామూలు ఫిల్టర్లతో పోలిస్తే ఎన్నో రెట్లు దొరుకుతుంది.

ఈ పని మనం గాజుతో మొదలుపెట్టలేదు, కాగితంతో మొదలుపెట్టాం. పంపు ఎంతది, స్పాంజీ ఏది అన్న చర్చలు మొదటి రెండు సమావేశాల్లో చాలా జరిగాయి. మూడో సమావేశంలో లెక్కల టీచరుగా రిటైరైన మన సభ్యురాలు లేచి, “కరెంటు పోతే పైనున్న నీళ్ళు ఎన్ని కిందికి వస్తాయి, వాటికి కింద చోటుందా?” అని అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ రోజు నుంచి మా పథకమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. సొంతంగా సంప్ కట్టుకోవాలనుకునే సభ్యులందరూ మొదట ఈ లెక్కే వేసుకోవాలని కోరుతున్నాను.

లెక్క ఇది. పై ట్యాంక్ లోపలి కొలత 180 × 60 × 60 సెంటీమీటర్లు, అంటే అంచుదాకా నింపితే 648 లీటర్లు. అందులో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే 10.8 లీటర్లు కిందికి వస్తాయి. సంప్ లోపలి కొలత 120 × 45 × 45. పంపు నడుస్తున్నప్పుడు అందులో నీళ్ళు 25 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. మేం మొదట గీసిన బొమ్మలో పంపు నుంచి పైకి వెళ్ళే రిటర్న్ పైపు మూతి నీటిమట్టానికి 12 సెంటీమీటర్లు కింద ఉంది. పంపు ఆగితే అదే పైపు సైఫన్‌గా మారి, మూతికి గాలి తగిలేదాకా నీళ్ళను వెనక్కి లాగుతుంది. 12 సెంటీమీటర్లంటే దాదాపు 130 లీటర్లు. అవి సంప్‌లోకి వస్తే మట్టం 24 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఇరవై ఐదూ ఇరవై నాలుగూ నలభై తొమ్మిది. సంప్ ఎత్తు నలభై ఐదే. ఆ బొమ్మ ప్రకారం కట్టి ఉంటే మొదటిసారి కరెంటు పోయిన రాత్రే హాలు నేలంతా నీళ్ళయ్యేది.

అందుకని రిటర్న్ మూతిని మట్టానికి 3 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చాం. నీటిమట్టానికి కాస్త కింద, ఆ పైపుకే గాలి పీల్చే చిన్న రంధ్రం కూడా పెట్టాం. నాచు పట్టి అది మూసుకుపోతుంది కాబట్టి నెలకోసారి పుల్లతో శుభ్రం చేయాలి. ఒక సభ్యుడు నీళ్ళను ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ పెడితే సరిపోతుంది కదా అన్నారు. ఆ వాల్వ్‌లో ఇసుక రేణువో, నత్తగుల్ల ముక్కో ఇరుక్కుంటే పూర్తిగా మూసుకోదు. నమ్ముకుని పడుకోవాల్సిన చోట అలాంటిది వద్దని కార్యవర్గం తీర్మానించింది. కొత్త లెక్క ప్రకారం ట్యాంక్ నుంచి 32 లీటర్లు, పైపులు, ట్యాంక్ నుంచి పొంగిన నీళ్ళు పడే ఓవర్‌ఫ్లో పెట్టె నుంచి మరో 10 లీటర్లు వస్తాయి. అంటే సంప్‌లో 8 సెంటీమీటర్ల పెరుగుదల.

టీచరు గారు అక్కడితో వదల్లేదు. దిగే పైపు మూసుకుపోయి పంపు నడుస్తూనే ఉంటే పై ట్యాంక్ పొంగదా అని అడిగారు. పంపు ఉన్న అర 30 × 45 సెంటీమీటర్లు. పంపుకి అందే నీళ్ళు అందులో 20 సెంటీమీటర్ల ఎత్తు, అంటే 27 లీటర్లు. అవన్నీ పైకి పోయినా అక్కడ మట్టం రెండున్నర సెంటీమీటర్లే పెరుగుతుంది. పైన 4 సెంటీమీటర్ల ఖాళీ ఉంచాం. ఆవిరై తగ్గిన నీళ్ళు కూడా ఈ ఒక్క అరలోనే తగ్గుతాయి, మిగతా అరల్లో మట్టం అడ్డు పలకల వల్ల నిలకడగా ఉంటుంది. హీటరును పంపు అరలో పెట్టకపోవడానికి కారణం అదే. మట్టం పడిపోతే హీటరు గాలికి తేలి పగిలిపోతుంది.

దిగే పైపుల విషయంలో మూడు పైపుల పద్ధతికి ఓటు వేశాం. దాన్ని అక్వేరియం వాళ్ళు బీన్ యానిమల్ పద్ధతి అంటారు. మొదటి పైపులో గాలి లేకుండా నిండుగా నీళ్ళు దిగుతాయి, గేట్ వాల్వ్‌తో దాన్ని సరిచేస్తాం. బాల్ వాల్వ్ అయితే సన్నగా సర్దడం కష్టం. రెండో పైపులో మిగిలిన కొద్ది నీళ్ళు గోడ వెంట జారుతూ దిగుతాయి. మూడోది పొడిగా ఉంటుంది, మొదటి రెండూ మూసుకుపోయిన రోజు పనికొస్తుంది. ఒకే పైపు పెడితే గాలీ నీళ్ళూ కలిసి గళగళమంటాయి, ఆ చప్పుడు మధ్య సమావేశం పెట్టుకోలేం. మొదటి పైపు చివర సంప్ నీళ్ళలో రెండు మూడు సెంటీమీటర్లకు మించి మునగకూడదు. మునిగితే పంపు వేసిన వెంటనే లోపలి గాలి బయటికి పోదు.

ఇక నా మనసుకి బాధ కలిగించిన విషయాలు. నివేదికలో ఇవి ఉండకూడదని కొందరు అన్నారు. ఉండాలనే నేను అనుకుంటున్నాను.

నీళ్ళు, గాజు, స్టాండు, రాళ్ళు అన్నీ కలిపితే బరువు టన్ను పైనే. నేల ఆగుతుందో లేదో చెప్పమని భవనం చూసే కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. స్వయంగా వెళ్ళి రెండుసార్లు కూర్చున్నాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి ఇంజనీరైన మన సభ్యుడే ఒక సెలవు రోజు వచ్చి, దూలాల వరస చూసి, కింది అంతస్తులో బరువు మోసే గోడ పక్కన చోటు చూపించారు. ఆయన సంతకంతోనే పని మొదలైంది. నాలుగు నెలలు ఆ ఉత్తరాల కోసం ఎదురుచూడటంలో పోయాయి.

రెండోది దిగే పైపుల కోసం గాజుకి రంధ్రాలు వేసే రోజు. పన్నెండు మంది పేర్లిచ్చారు, వచ్చింది ఇద్దరు. డైమండ్ హోల్ సాతో రంధ్రం వేసేటప్పుడు ఒకరు గాజు పట్టుకోవాలి, ఒకరు మిషన్ పట్టుకోవాలి, ఒకరు ఆగకుండా నీళ్ళు పోస్తూ ఉండాలి. ఒత్తిడి పెట్టకూడదు, దాని బరువుతో అదే దిగాలి. ఇద్దరే ఉండటంతో మూడో రంధ్రం దగ్గర నీళ్ళ ధార ఆగింది, గాజు వేడెక్కి అంచుదాకా చీలింది. వెనక పలక మొత్తం మార్చాల్సి వచ్చింది. వచ్చిన ఇద్దరినీ ఎవరూ ఒక్క మాట అనకూడదు. రాని పదిమందికి ఆ రోజు ఏం పనులున్నాయో నేను అడగలేదు. ముందే చెప్పి ఉంటే రోజు మార్చుకునేవాళ్ళం.

రంధ్రం వేసే ముందు ఆ గాజు టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరచినది) కాదని తేల్చుకోవాలి, లేదంటే మిషన్ తగలగానే మొత్తం పొడి పొడి అవుతుంది. కంప్యూటర్ స్క్రీన్‌ను తెల్లగా వెలిగించి గాజు వెనక పెట్టి, పోలరైజ్డ్ కళ్ళద్దాలతో చూస్తే టెంపర్డ్ గాజులో నల్లటి మచ్చలు, చారలు కనపడతాయి. మన యువ సభ్యుడొకడు ఈ ఉపాయం చెప్పి, తన కళ్ళద్దాలు తెచ్చి పలకలన్నీ పరీక్షించి పెట్టాడు. అతనికి సంఘం తరఫున ధన్యవాదాలు.

సంప్ లోపలి అడ్డు పలకలు అతికించింది వడ్రంగం తెలిసిన మన సీనియర్ సభ్యుడు. బూజు మందు కలపని సిలికాన్ మాత్రమే వాడారు, ఏడు రోజులు ఆరనిచ్చారు. ఐదో రోజే నీళ్ళు పోద్దామని నేను తొందరపెడితే ఒప్పుకోలేదు, ఆయన మాటే సరైనది. బుడగలు ఆపే మూడు పలకల మధ్య రెండున్నర సెంటీమీటర్ల సందు వదిలారు. నీళ్ళు మొదటి పలక పైనుంచి, రెండోదాని కిందనుంచి, మళ్ళీ మూడోదాని పైనుంచి వెళ్తాయి. ఆ నడకలో బుడగలు పైకి తేలిపోతాయి. చెక్క స్టాండు కూడా ఆయన చేసిందే. కరెంటు పని చేసిన సభ్యుడు లీకేజీని పసిగట్టి సరఫరా ఆపే బ్రేకర్ పెట్టారు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వచ్చేలా కట్టారు, వైరు మీద జారిన చుక్క ప్లగ్గులోకి పోదు. వీళ్ళిద్దరూ కూలి తీసుకోలేదు.

నీళ్ళు పోసిన రోజు గురించి చెప్పకపోతే ఈ నివేదిక పూర్తికాదు. ఆ రోజు హాలు నిండింది. ముందు రిటర్న్ పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి సమయం చూశాం. పంపు పెట్టె మీద రాసిన సంఖ్య ఎత్తు లేనప్పటిది, మీటరున్నర పైకి ఎక్కించి రెండు ఎల్బోలు తిప్పితే చాలా తగ్గుతుంది. గంటకు ట్యాంక్ పరిమాణానికి ఐదు రెట్లు, అంటే 3,240 లీటర్లు కావాలనుకున్నాం. బకెట్ 22 సెకన్లలో నిండింది. టీచరు గారు అక్కడే గుణించి గంటకు 3,270 పైనే అని చెప్పారు. తర్వాత అధ్యక్షుల వారు స్విచ్ ఆపారు. ఎవరూ మాట్లాడలేదు. సంప్ గాజు మీద ముందే గీసి పెట్టిన ఎర్ర గీత వైపు నీళ్ళు ఎక్కుతూ ఉన్నాయి. గీతకి అర సెంటీమీటరు కిందనే ఆగాయి. చప్పట్లు చాలాసేపు మోగాయి. టీచరు గారి కళ్ళు చెమర్చడం నేను చూశాను.

ఆ తర్వాత ఐదు వారాలు చేపలు లేకుండానే నడిపాం. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా మీడియా మీద స్థిరపడాలి. ముగ్గురు సభ్యులు తమ పాత ఫిల్టర్లలోని స్పాంజీలు ఇచ్చారు కాబట్టి త్వరగానే కుదిరింది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే మొదటి చేపలు దించాం. సంప్ ఎంత పెద్దదైనా నైట్రేట్ పేరుకుంటూనే ఉంటుంది, వారం వారం నీళ్ళు మార్చడం తప్పదు.

మిగతా కార్యక్రమాలు క్లుప్తంగా. నెలవారీ సమావేశాలు అన్నీ జరిగాయి. మొక్కల మార్పిడి రెండుసార్లు జరిగింది. పిల్లలకు నీటి పరీక్షలు నేర్పించాం. పెంచలేని చేపలను చెరువుల్లో, కాలువల్లో వదలవద్దని, సంఘానికి తెచ్చి ఇవ్వమని ప్రచారం చేశాం. ఆరుగురు తెచ్చి ఇచ్చారు. జమాఖర్చుల పట్టిక నివేదికకు జతచేశాం, ఆడిటు అయింది. పగిలిన పలక ఖర్చు విడిగా చూపించాం. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి.

విరాళాలిచ్చినవారికి, పైపులు కోసిపెట్టినవారికి, హాలు తాళాలు రాత్రి పదిదాకా తెరిచి ఉంచిన కాపలాదారు గారికి, ప్రతి ఆదివారం టీ పెట్టిన సభ్యురాళ్ళకు, పేరు పేరునా చెప్పలేకపోయిన అందరికీ ధన్యవాదాలు.

వచ్చే ఏడాదికి మూడు పనులు మిగిలాయి. ఆవిరైన నీళ్ళు వాటంతటవే నిండేలా ఫ్లోట్ వాల్వ్ పెట్టాలి. సంప్ మీద మూత చేయించాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఫిల్టర్ సాక్ (నీళ్ళు వడకట్టే గుడ్డ సంచి) మూడు నాలుగు రోజులకోసారి మార్చడానికి మనుషులు కావాలి. ఆలస్యమైతే అది నిండి, నీళ్ళు వడపోత లేకుండానే పైనుంచి దాటిపోతాయి. మీడియాను మాత్రం కుళాయి నీళ్ళతో కడగకండి, క్లోరిన్‌కి బాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంక్ నుంచి తీసిన నీళ్ళలోనే జాడించాలి. పనివంతుల పట్టిక తలుపు పక్కన అంటించాం. ప్రస్తుతం అందులో నాలుగే పేర్లు ఉన్నాయి, ఆ నాలుగూ ఇందాక నేను ధన్యవాదాలు చెప్పినవాళ్ళవే. సమావేశం అయ్యాక బయటికి వెళ్ళేటప్పుడు, రాగలిగిన రోజు చూసుకుని మీ పేరు రాయండి. రాసినవాళ్ళు దయచేసి రండి.

ఇట్లు,
కార్యదర్శి