దేవరకొండ బస్సు కండక్టరమ్మకు

మూడు రాత్రులుగా నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి. తమ్ముడు చదివి ‘పెట్టు అక్కా’ అన్నాకే ఇది పెడుతున్నాను.

సోమవారం హైదరాబాదులో బస్సెక్కిన తమ్ముడు మా చింతపల్లిలో దిగలేదు. దేవరకొండ బస్టాండులో అందరూ దిగిపోయినా సీట్లోనే ఉండిపోయాడట. కండక్టరమ్మ కసురుకోలేదు. పక్కన కూర్చుని, ‘చచ్చిపోవాలనిపిస్తోందా బాబూ?’ అని సూటిగా అడిగారట. వాడు తలూపాడు. ఇంట్లో ఎవరమూ అడగని ప్రశ్న అది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మా భయం. అలా ఏమీ పుట్టదని తరువాత నల్లగొండలో డాక్టరమ్మ చెప్పారు.

తిరుగు ట్రిప్పు మరొకరికి అప్పగించి, నేను చేరేదాకా ఆమె వాడి పక్కనే ఉన్నారు. సంచిలోని చిల్లర వాడి ఒళ్లో పోసి లెక్కపెట్టమన్నారట. నేను వెళ్లేసరికి బెంచీ మీద రూపాయి బిళ్లలు, రెండు రూపాయల బిళ్లలు వేర్వేరుగా దొంతరలు పేరుస్తున్నాడు. ‘లెక్క సరిపోయిందమ్మా, మీ తమ్ముడు గట్టివాడు’ అన్నారు. అక్కడే కూలబడి ఏడ్చాను. నాలుగు సబ్జెక్టులు పోయి, ‘నా మీద ఖర్చు దండగ’ అని నెల రోజులుగా అంటున్నవాడు వాడు. సిగ్గుతో అంటున్నాడనుకున్నాం. ఇంటికి భారమయ్యానన్న నమ్మకం, ఇక ఏదీ మారదన్న నిరాశ, తెల్లవార్లూ నిద్ర పట్టకపోవడం, మూడూ కలిస్తే ప్రమాదమట. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడమూ సంకేతమేనట. వాడు క్యాలిక్యులేటర్ స్నేహితుడికి ఇచ్చేస్తే, ఎంత మంచి మనసో అని మురిసిపోయాను నేను!

అమ్మానాన్నలు, బావ సంగతి చెప్పేదేముంది, తోడుగా ఉన్నారు.

కాలేజీ సంగతి మాత్రం చెప్పాలి. 100 మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జూలైలోనే చెప్పింది. వాడి కాలేజీలో కౌన్సెలింగ్ గది ఉంది, నిండా విరిగిన కుర్చీలు. ఫీజు బాకీ మెసేజీలు మాత్రం నెలలో మూడు.

అక్కా, టీ డబ్బులు కూడా తీసుకోలేదు మీరు. నిన్న డ్యూటీ దిగి ఫోను చేసి, ‘అన్నం తిన్నాడా?’ అని అడిగారు. తిన్నాడక్కా, కొంచెం.

అయ్యో, అర్ధరాత్రి మమ్మల్ని ఇంటికి చేర్చిన ఆటో అన్న! మానసిక సాయం చేసే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416లో రాత్రి రెండింటికి ఓపికగా తెలుగులో మాట్లాడిన అమ్మాయి, పేరైనా అడగలేదు. బత్తాయిలు తెచ్చిన పక్కింటి పెద్దమ్మ, మీ సంచి ఇంకా మా దగ్గరే ఉంది.