తప్పు తిరుపతి ఓటరుదేనా? జాబితా సంగతేమిటి?

సంపాదకుడికి,

2024 మే 13న జరిగిన అసెంబ్లీ పోలింగ్‌లో రాష్ట్రం మొత్తం మీద దర్శి నియోజకవర్గం 90.91 శాతంతో అందరికంటే పైన నిలిచింది. అందరికంటే కింద నిలిచింది తిరుపతి, 63.32 శాతం. అప్పటి నుంచి ఎన్నికల మాట వస్తే చాలు, తిరుపతి ఓటరుకు తిట్లే. చదువుకున్నోళ్లకు పట్టదట, అపార్ట్‌మెంట్లవాళ్లు గడప దాటరట. ఓటరు తప్పు కొంత ఉంటే ఉండొచ్చు గానీ ఓటర్ల జాబితా తప్పు అంతకంటే పెద్దది.

పోలైన ఓట్లను జాబితాలోని పేర్లతో భాగిస్తే వచ్చేదే ఈ శాతం. లెక్క కోసం ఒక బూత్‌లో 1,200 పేర్లున్నాయనుకుందాం. అందులో 150 మంది ఇల్లు మారిపోయారు, 30 మంది చనిపోయారు, 70 మందికి సొంతూళ్లో కూడా ఓటుంది, వాళ్లు అక్కడికే వెళ్లి వేస్తారు. 760 ఓట్లు పడితే కాగితం మీద 63 శాతం. నిజంగా ఇక్కడ ఓటేయాల్సిన 950 మందిని లెక్కలోకి తీసుకుంటే 80 శాతం.

ఇక్కడ ఈ తేడా ఎక్కువగా ఎందుకొస్తుందంటే, ఊరు అలాంటిది. టీటీడీ, యూనివర్సిటీలు, స్విమ్స్, రుయా ఆసుపత్రులు, లాడ్జీలు, హోటళ్లు. బతుకుదెరువుకో చదువుకో వచ్చినవాళ్లే ఎక్కువ. అద్దె ఇల్లు మారినప్పుడల్లా ఓటు మార్చుకునేవాళ్లు అరుదు. పైగా తిరుపతి రూరల్ మండలం చంద్రగిరి నియోజకవర్గంలో ఉంది. సిటీలోంచి అవిలాలకో పేరూరుకో ఇల్లు మారితే ఎమ్మెల్యేతో పాటు ఎంపీ కూడా మారతాడు, ఎందుకంటే చంద్రగిరి చిత్తూరు లోక్‌సభ కిందికి వస్తుంది. ఈ సంగతి తెలియక పాత బూత్‌లోనే పేరు వదిలేసినవాళ్లు కోకొల్లలు.

రెండు చోట్ల పేర్లుండటానికి మూలం ఫారాల దగ్గరుంది. ఫారం 6 మొదటిసారి నమోదుకు మాత్రమే. ఇల్లు మారినవాళ్లు ఇవ్వాల్సింది ఫారం 8. అదిస్తే పాత చోట పేరు పోయి కొత్త చోట చేరుతుంది, ఓటరు కార్డు నంబరు మారదు. మనవాళ్లు నెట్ సెంటర్‌కు వెళ్లి మళ్లీ ఫారం 6 నింపిస్తారు, పాత పేరు అక్కడే ఉండిపోతుంది. రెండు చోట్ల నమోదు చట్టవిరుద్ధం, అబద్ధపు ప్రకటనకు ఏడాది దాకా జైలు కూడా ఉంది. ఊళ్లో ఓటు తీసేస్తే రేషన్ కార్డు పోతుందన్న భయం కూడా చాలామందికి ఉంది. ఆ రెండింటికీ సంబంధమే లేదు. హాస్టల్ విద్యార్థి సొంతూరో హాస్టలో ఏదో ఒకటి ఎంచుకోవచ్చు. హాస్టలైతే కాలేజీ ఇచ్చే ధ్రువపత్రం జతచేస్తే చాలు.

చనిపోయినవాళ్ల విషయంలో మాత్రం సాకులు చెల్లవు. మరణ ధ్రువపత్రం ఇచ్చేది కార్పొరేషన్. తిరుపతి నియోజకవర్గానికి ఓటర్ల నమోదు అధికారిగా ఉంటూ వచ్చింది కార్పొరేషన్ కమిషనరే. ఒకే భవనంలో ఒక బల్ల మీది సమాచారం ఇంకో బల్లకు చేరడానికి ఇంటివాళ్లు పేరు తీసేయమని అడిగే ఫారం 7 పట్టుకుని ఎందుకు తిరగాలి? అలాగని ఫారం 7ను ఎవరు పడితే వాళ్లు కట్టలుగా ఇస్తే తీసుకోకూడదు. 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో లక్షల్లో అలా వచ్చి పడ్డాయి, బతికున్నవాళ్ల ఓట్లకే ఎసరొచ్చింది. నోటీసివ్వకుండా, బీఎల్వో (బూత్ స్థాయి అధికారి) ఇంటికెళ్లి చూడకుండా పేరు తీయకూడదు. ఆ చూడటం కూడా ఉద్యోగస్తులు తాళం వేసుకుని వెళ్లిపోయే పదకొండు గంటలకైతే లాభం లేదు. సాయంత్రమో ఆదివారమో వెళ్లాలి.

ఇలా మిగిలిపోయిన పేర్లే దొంగ ఓట్లకు సరుకు. 2021 ఏప్రిల్ లోక్‌సభ ఉప ఎన్నికలో వేల సంఖ్యలో ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేశారన్న వ్యవహారంలో 2024 జనవరిలో ఒక ఐఏఎస్ అధికారి సస్పెండయ్యారు. బూత్‌లో అడ్డుకునే దారి ఏజెంట్ల చేతిలోనే ఉంది. రెండు రూపాయలు కట్టి ఓటరు గుర్తింపును సవాలు చేయొచ్చు. ఇల్లు మారిన, చనిపోయిన, అందుబాటులో లేనివారి జాబితా ప్రిసైడింగ్ అధికారి దగ్గర ఉంటుంది, దాన్ని ముందురోజే చదువుకుని రావాలి. మన పేరు మీద అప్పటికే ఎవరైనా వేసేసి ఉంటే టెండర్ ఓటు అడగాలి. అది కాగితం బ్యాలెట్, మామూలు లెక్కింపులో కలపరు గానీ రికార్డుగా నిలుస్తుంది.

ఇక ఈ ఊరు ఫలానా పార్టీదని లెక్కలు వేసేవారికి ఒక మాట. 1983లో ఎన్టీఆర్, 2009లో చిరంజీవి, 2012 ఉప ఎన్నికలో వైసీపీ, 2014లో టీడీపీ, 2019లో మళ్లీ వైసీపీ, 2024లో జనసేన ఇక్కడ గెలిచారు. 2019లో మెజారిటీ 708 ఓట్లే. 2024లో అరవై వేలు దాటింది. కులం వారీగా టీ కొట్టు దగ్గర వేసే లెక్కలన్నీ జాబితాలోని పేర్ల మీద వేసినవే, క్యూలో నిలబడ్డ మనుషుల మీద కాదు.

పోలింగ్ రోజున వేతనంతో కూడిన సెలవు చట్టంలో ఉంది, రోజుకూలీలకూ వర్తిస్తుంది. ఇవ్వని యజమానికి జరిమానా 500 రూపాయల దాకానే! యాత్రికులకు సెలవుండదు కాబట్టి లాడ్జీల్లో, హోటళ్లలో పనిచేసేవాళ్లకు వంతులవారీగా కనీసం మూడు గంటలు వదిలేలా కార్మిక శాఖ ముందే యజమానులతో మాట్లాడాలి.

మునిసిపల్ ఎన్నికల జాబితాకు ఆధారం అసెంబ్లీ జాబితానే, కాబట్టి అక్కడి తప్పు డివిజన్‌లోకీ వస్తుంది. అందుకే కార్పొరేషన్ ఎన్నికల నోటిఫికేషన్‌కు ముందే ప్రతి వార్డు సచివాలయంలో బూత్‌వారీగా తీసేయబోయే పేర్లు, కారణంతో సహా, గోడకు అంటించాలి. అభ్యంతరం చెప్పడానికి కనీసం రెండు ఆదివారాలు కలిసొచ్చేలా గడువివ్వాలి.

– ఒక పాఠకుడు, తిరుపతి